మంటల పండగ, మా నాన్న కుర్చీ

కుర్చీ లేదు.

బాల్కనీలో దాని చోటు ఖాళీగా ఉంది. నేల మీద నాలుగు కాళ్ళ గుర్తులు, మధ్యలో ఎప్పుడో దొర్లిపోయిన పెన్సిల్ మూత. అంతే. భుజం మీది సంచి కూడా దించకుండా కేకేశాను.

"ఎలియట్!"

మా ఆయన వంటగదిలోంచి తొంగి చూశాడు. చేతిలో తడి గ్లాసు.

"ఇంత తొందరగా వచ్చేశావేంటి?"

"కుర్చీ ఏది?"

"ఏ కుర్చీ?"

మా ఇంట్లో కుర్చీ అంటే ఒకటే. మిగతావన్నీ కూర్చోవడానికి ఉన్నవి.

"ఇవాళ ఏం రోజో తెలుసా నీకు?" అన్నాను. నా గొంతు నాకే కీచుగా వినిపించింది.

తెలియకేం? లాగ్ బఓమెర్, యూదుల మంటల పండగ. పొద్దు గుంకిందంటే మా ఊరు కర్మియేల్‌లో ఖాళీ జాగా అన్నచోటల్లా మంట వెలుగుతుంది. పస్కా పండగ వెళ్ళిన మర్నాటి నుంచే ఊళ్ళో పిల్లలంతా సూపర్‌మార్కెట్ తోపుడుబళ్ళు దొరకబుచ్చుకుని చెక్క కోసం వీధుల వెంట పడతారు. పాత తలుపులు, పళ్ళ పెట్టెలు, మంచం పట్టీలు. మేకు కొట్టి లేనిదేదైనా వాళ్ళ దృష్టిలో అనాథే. కిందటేడు మూడో అంతస్తులోకి దిగిన రష్యా వాళ్ళు ఒక అలమారా లిఫ్టు దగ్గర పెట్టి రెండోది తేవడానికి లారీ దగ్గరికి వెళ్ళారు. తిరిగొచ్చేసరికి మొదటిది లేదు. పోలీసులకు చెప్తే నవ్వారట.

"తలుపు తాళం వేసే ఉంది. పొద్దుటి నుంచి నువ్వు ఇంట్లోనే పని చేసుకుంటున్నావు. మరి ఎలా పోయింది?"

"ఒకటే మీటింగులు లోర్నా. చెవుల్లో ఇయర్‌ఫోన్లు. ఎవరొచ్చారో, ఎవరెళ్ళారో..." గ్లాసు తుడిచిందే తుడుస్తున్నాడు. "నువ్వు అలిసిపోయి వచ్చావు. కాసేపు కూర్చో. నేనొక్కణ్ణే వెళ్ళి చూసొస్తా."

"దేని మీద కూర్చోను?"

ఆయన బూట్లు వేసుకోవడానికి వంగాడు. మేజోళ్ళ నిండా ఎండు ముళ్ళు అతుక్కుని ఉన్నాయి. ఈ మనిషికి ఉతికిన మేజోళ్ళు వేసుకోవడం ఎప్పటికి వస్తుందో అనుకున్నాను. ఆ ఒక్క క్షణం ఆగి ఆలోచించి ఉంటే కేసు అక్కడే తేలిపోయేది. నేను అప్పటికే మెట్లు దిగుతున్నాను.

అది మా నాన్న కుర్చీ. ఓక్ చెక్క, వెడల్పాటి చేతులు, కుడి చేతి మీద నేను పళ్ళొచ్చే వయసులో కొరికిన గాట్లు. ఇంగ్లండులో, లీడ్స్‌లో మా ఇంటి ముందు గదిలో నాన్న రోజూ సాయంత్రం నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని నక్క కథ చెప్పేవాడు. కాలవలో బొగ్గు పడవ నడిపే నక్క. తలమీద ఎర్ర టోపీ. ఎలాగైనా సముద్రం చూడాలని దాని కోరిక. రోజూ ఏదో ఒక లాకు దగ్గర గేటు మూసి ఉండేది, కథ ఆగిపోయేది. నాన్న పోయేనాటికి కూడా నక్క సముద్రం చేరలేదు. మేం ఈ దేశానికి వచ్చేటప్పుడు మంచాలు అమ్మేశాం, ఫ్రిజ్ అమ్మేశాం, కుర్చీని మాత్రం ఓడలో వేసుకొచ్చాం.

ఇక్కడికొచ్చాక దానికొక చట్టం పెట్టాను. పిల్లలకు నేను నక్క కథ చెప్పేది అందులోనే, కుర్చీలో ఉన్నంతసేపూ ఇంగ్లీషే. బయట ఏ భాషైనా మాట్లాడుకోండి. వీధిలో, బడిలో, బాత్రూములో, ఆఖరికి కలలో కూడా పిల్లలది హీబ్రూయే. మమ్మల్ని పిలిచేది కూడా ఇమా, అబ్బా అనే. మమ్మీ, డాడీ అనే మాటలు బతికుంది ఆ కుర్చీలోనే.

పదేళ్ళ గిదీ బడి గేటు దగ్గర నా చెయ్యి గిల్లుతాడు. "ఇమా, ఇక్కడ ఇంగ్లీషులో మాట్లాడకు, అందరూ చూస్తున్నారు." ఆరేళ్ళ నీలీ అయితే ఒకటో తరగతిలో చేరినప్పటి నుంచి నేను ఇంగ్లీషులో అడిగినదానికి హీబ్రూలోనే జవాబిస్తుంది. నెల రోజులుగా కుర్చీ ఎక్కడమే మానేసింది. "నేను పెద్దదాన్నయ్యాను" అంటుంది. అన్నాచెల్లెళ్ళిద్దరూ ఏదో అనుకుని పగలబడి నవ్వుతుంటే, నేను గదిలోకి వెళ్ళి ఏంటని అడిగితే, "వదిలెయ్ ఇమా, ఇంగ్లీషులో అది అంత బాగుండదు" అని తలుపు మూసేస్తారు. ఇంకో రెండేళ్ళకు నా పిల్లలకు నేను చుట్టపుచూపుగా వచ్చిన మనిషినైపోతానని నా భయం. కుర్చీ ఉన్నంతవరకు కొంచెం ధైర్యంగా ఉండేది.

ఇప్పుడది లేదు. సూర్యుడు కొండల మీదికి దిగుతున్నాడు.

*

మా బిల్డింగు ముందు బెంచీ మీద ప్రోస్పేర్ గారు పొద్దుతిరుగుడు గింజలు ఒలుచుకు తింటున్నాడు. మొరాకోలో పుట్టాడు, ముప్ఫయ్యేళ్ళు బస్సు నడిపాడు, రిటైరయ్యాక ఆ బెంచీ ఎక్కాడు. ఆయన కళ్ళు తప్పించుకుని మా ఇంట్లోకి పిల్లి కూడా రాలేదు.

"ప్రోస్పేర్ గారూ, మా బాల్కనీలో కుర్చీ పోయింది. ఎవరైనా మోసుకెళ్తుంటే చూశారా?"

"కుర్చీయా తల్లీ? ఆ ఇంగ్లండు రాణిగారి కుర్చీయేనా?"

"మా నాన్నది."

ఆయన ఎలియట్ వైపు చూశాడు. ఎలియట్ తన బూట్ల వైపు చూసుకున్నాడు.

"ఈ మధ్య నాకేం కనబడట్లేదమ్మా. కళ్ళు మసకలు."

"నిన్ననే కదా, మలుపు దగ్గరున్న బస్సు నంబరు ఇక్కడి నుంచి చదివి చెప్పారు!"

"నిన్న లేదు. ఇవాళే వచ్చింది మసక." గింజ పొట్టు పక్కకు ఊశాడు. "స్టేడియం వెనక ఆరో తరగతి వెధవలున్నారు చూడు, వాళ్ళనడుగు. దొంగ మొహాలు. అటే వెళ్ళు. కారులో వెళ్ళండి, దూరం."

"నేను వెళ్తాలే, నువ్వు ఉండు" అన్నాడు ఎలియట్ మళ్ళీ.

"ఎక్కు" అన్నాను.

*

ఆరో తరగతి వాళ్ళ కట్టెల గుట్ట బస్సంత ఎత్తుంది. చుట్టూ కర్రలు పట్టుకుని కాపలా. మా కారు ఆగగానే ఒకడు అరిచాడు.

"ఒరేయ్, అమెరికన్లు వచ్చార్రా!"

"మేం అమెరికన్లం కాదు" అన్నాను. పన్నెండేళ్ళుగా రోజుకొకసారి అంటున్న మాట, దానంతటదే వచ్చేసింది. నా యాస విని మరో ముగ్గురు నవ్వారు. నవ్వుకోనీ. నేను చెప్పులతోనే గుట్ట ఎక్కాను.

"ఏయ్, దిగండి! అది మాది!"

"ఇదా మీది?" ఒక పలక లాగి చూపించాను. ఎవరింటి తలుపుకో ఉండాల్సిన బోర్డు. పూల బొమ్మల మధ్య రంగురంగుల అక్షరాలు: ఇక్కడ సంతోషంగా నివసిస్తున్నవారు బిట్టన్ కుటుంబం. "వీళ్ళింకా సంతోషంగానే ఉన్నారా?"

వాళ్ళ నాయకుడు తల గోక్కున్నాడు. మూతి మీద అప్పుడే నూనూగు మీసం. "అది దొరికింది."

"తలుపుతో సహా దొరికిందా?"

మంచం తలవైపు చెక్క, విరిగిన నిచ్చెన, పిల్లల ఉయ్యాల. అన్నీ పీకి చూశాను. అరచేతిలో పుల్ల గుచ్చుకుంది. నాన్న కుర్చీ లేదు.

"కుర్చీలు మేం ముట్టుకోం" అన్నాడు మీసాలవాడు తన వృత్తికి అవమానం జరిగినట్టు. "వార్నీషు పొగకి మంటలో కాల్చే బంగాళాదుంపలు చేదెక్కుతాయి. నాలుగో తరగతి వాళ్ళనడగండి. వాళ్ళకేం తెలుసు, ఏది దొరికితే అది ఎత్తుకుపోతారు. మీవాడు గిదీ ఉన్నది అందులోనే కదా?"

గుట్ట దిగి కారు వైపు నడిచాను.

పోయిన వారం సంగతి. గిదీ స్నేహితుడు ఉరియా ఇంటికొచ్చాడు. ఇద్దరూ బంతి ఆడుతుంటే నేను బాల్కనీలోంచి ఇంగ్లీషులో పిలిచాను. రా నాన్నా, ఇవాళ్టి కథ మిగిలిపోయింది అని. గిదీ మొహం ఎర్రబడింది. ఉరియా వింటుండగా, హీబ్రూలో, గట్టిగా అన్నాడు.

"నాకొద్దు ఆ కుర్చీ! తీసుకెళ్ళి మంటలో వేసెయ్!"

*

"మనవాడే" అన్నాను కారులో.

"తొందరపడకు లోర్నా."

"వాడే అన్నాడు. నువ్వూ విన్నావు."

"పదేళ్ళవాడు అన్నవన్నీ అయ్యేవైతే ఈపాటికి మనింట్లో రెండు కుక్కలు, ఒక ఒంటె ఉండేవి. నువ్వు నాలుగుసార్లు వాడి తల్లివి కాకుండా పోయుండేదానివి."

"నవ్వించకు."

"సరే."

"వాడికి నేనంటే సిగ్గు ఎలియట్. నా మాటంటే సిగ్గు. ఆ కుర్చీ తగలబడిపోతే ఇక పట్టి ఉంచేదేం లేదు. నీలీ ఇప్పటికే దిగిపోయింది. నా మనవలు నాతో ఫోన్లో సైగలు చేస్తారు చూస్తూ ఉండు."

 స్టీరింగ్ మీద ఆయన వేళ్ళు తాళం వేస్తున్నాయి. పెళ్ళయిన కొత్తలో మా అమ్మ పింగాణీ టీపాట్ పగలగొట్టి సోఫా కింద దాచినప్పుడు కూడా ఆ వేళ్ళు అలాగే ఆడాయి. నాకు గుర్తు రావాల్సింది. రాలేదు.

"గిదీ వాళ్ళ చోటు ఎక్కడో ఎవరికీ తెలీదు కూడా" అన్నాను కళ్ళు తుడుచుకుంటూ. "పెద్ద క్లాసు వాళ్ళు వచ్చి సగం చెక్క దోచుకుపోయాక, ఇవాళ పొద్దున్న వేరే చోటికి మార్చేశారట. తల్లులెవ్వరికీ చెప్పలేదు. పార్కు వెనక చూద్దామా?"

"చూద్దాం."

చూద్దామన్నవాడు పార్కు దాటేశాడు. నీళ్ళ ట్యాంకు దగ్గర ఎడమకి తిప్పాడు. దేవదారు చెట్ల మధ్య మట్టిబాటలోకి దింపాడు. అలాంటి బాట ఒకటుందని నాకు ఆ రోజే తెలిసింది. ఒక్కచోట కూడా వేగం తగ్గించలేదు, ఎవర్నీ దారి అడగలేదు. బాట చివర కారు ఆపి, "ఇక్కడేమన్నా ఉన్నారేమో మరి" అన్నాడు, గాలికి అన్నట్టు.

దిగాను. ఎదురుగా మోకాలెత్తున ఎండిన ముళ్ళమొక్కల పొలం. నాలుగడుగులు వేసేసరికి నా లంగా అంచు నిండా ముళ్ళు.

వంగి ఒకటి పీకాను. చూశాను. అది ఇంతకుముందు ఎక్కడ చూశానో గుర్తొచ్చింది.

తిరిగి ఆయన కాళ్ళ వైపు చూశాను. ముందుకే నడిచాను. మంచి పోలీసులు తొందరపడరు.

"ఆగండి!"

రాయి మీద ఒక పిల్ల నిలబడి ఉంది. మెడలో ఈల, చేతిలో చీపురు కర్ర. షాకెద్. గిదీ క్లాసులో అందరూ భయపడేది ఈ పిల్లకే, టీచర్లతో సహా.

"సంకేతం చెప్పండి."

"నేను గిదీ వాళ్ళమ్మని షాకెద్. మా ఇంట్లో నువ్వు ఎన్నిసార్లు భోంచేశావు?"

"అది సంకేతం కాదు."

"అమ్మాయీ, పక్కకు జరుగు."

"కుదరదు. ఆరో తరగతి వాళ్ళు కూడా అమ్మల్ని పంపుతారు."

నా వెనకాల ఎలియట్ గొంతు సవరించుకున్నాడు. చాలా చిన్నగా, ఇంగ్లీషులో అన్నాడు.

"రెడ్ హ్యాట్."

షాకెద్ చీపురు కర్ర దించింది. "వెళ్ళండి."

నేను మా ఆయన వైపు తిరిగాను. ఆయన అప్పుడే పుట్టిన మొదటి నక్షత్రాన్ని చాలా శ్రద్ధగా చూస్తున్నాడు. కానీ నన్ను ఆపింది అది కాదు. ఎర్ర టోపీ. ఆ టోపీ ఎవరిదో ఈ దేశంలో మా ఇంటి గోడల బయట తెలిసినవాళ్ళు లేరు.

రాయి దాటి వెళ్ళాను. కట్టెల గుట్ట నల్లగా కనబడింది. దాని నడుమ నుంచి పైకి పొడుచుకొచ్చి, ఎర్రటి ఆకాశం ముందు, నాన్న కుర్చీ వీపు. పక్కన ఎవరి తండ్రో కిరోసిన్ డబ్బా మూత తిప్పుతున్నాడు. అరవబోయాను. 

అప్పుడే ఒక గొంతు వినిపించింది. లీడ్స్ గొంతు. నాన్న సాగదీసే చోట సాగదీస్తూ, నాన్న ఆగే చోట ఆగుతూ. ఇంగ్లీషులో.

"అప్పుడు నక్క పడవ ఆపి, టోపీ తీసి, లాకు కాపలావాడితో అంది: అయ్యా, కొంచెం గేటు తీస్తారా? అవతల నాకు సముద్రంతో పనుంది."

రెండడుగులు పక్కకు వేశాను. కుర్చీ గుట్టలో లేదు. గుట్ట ముందు ఉంది. అందులో గిదీ, కాళ్ళు మడిచి, రాజులా. చుట్టూ నేల మీద వాళ్ళ క్లాసంతా. కుర్చీ కుడి చేతి మీద, నా పళ్ళ గాట్ల మీద, నీలీ కూర్చుని ఉంది. అన్న ఒక వాక్యం ఇంగ్లీషులో చెప్పడం, చెల్లెలు దాన్ని వెంటనే హీబ్రూలోకి మార్చి క్లాసుకు అందించడం. ఒక్క మాట తడబడలేదు. నక్కకి వేరే గొంతు, కాపలావాడికి వేరే గొంతు.

"నక్క తన పచ్చ టోపీ మళ్ళీ పెట్టుకుని..." అన్నాడు గిదీ.

"ఎర్ర టోపీ!" నీలీ ఇంగ్లీషులోనే కసిరింది. "రోజూ ఇదే తప్పు. మమ్మీ ఎప్పుడూ ఇలా చెప్పదు."

మమ్మీ.

నేను ముళ్ళలో నిలబడిపోయాను. ఎంతసేపు నిలబడేదాన్నో, ఉరియా నన్ను చూసి గిదీ మోకాలు తట్టకపోతే. గిదీ ఒక్క గెంతులో లేచాడు.

"ఇమా! కాల్చడానికి కాదు! ఒట్టు! కాపలాకే!"

"కాపలాకి కుర్చీ ఎందుకురా?"

"కథకి. కథ లేకపోతే ఎవ్వరూ కాపలాకి ఉండట్లేదు, అందరూ ఇంటికెళ్ళిపోతున్నారు. అందుకే నక్క కథ మొదలుపెట్టా. అప్పట్నుంచి అందరూ ఉంటున్నారు. నిన్న పళ్ళ పెట్టె మీద కూర్చుని చెప్తే అస్సలు రాలేదు. నీ కుర్చీలో అయితేనే వస్తుంది."

"ఇంగ్లీషులో ఎందుకు? అందరూ చూస్తున్నారుగా?"

"హీబ్రూలో చెప్పి చూశాం. అది అంత బాగుండదు."

తలుపు వెనక నుంచి నేను ఎన్నోసార్లు విన్న మాట. ఇటువైపు నుంచి వినడం ఇదే మొదటిసారి.

"మరి మంటలో వెయ్యమన్నావు?"

చెవులు ఎర్రబడ్డాయి వాడికి. "అది ఉరియా ఉన్నాడు కదాని." ఉరియా వైపు చూశాడు. ఉరియా భుజాలెగరేసి, "సముద్రం చేరుతుందా లేదా, అది చెప్పండి ముందు" అన్నాడు నాతో.

"నన్నే అడిగి తెచ్చుకోవచ్చుగా గిదీ?"

"అడిగితే నువ్వూ వచ్చేదానివి. నువ్వే కూర్చుని చెప్పేదానివి."

కాదనలేకపోయాను. వాడికి నేను బాగా తెలుసు.

"సరే" అన్నాను. "ఒకే ఒక్క ప్రశ్న. ఇది ఓక్ చెక్క. నీ వల్ల కాదు, ఉరియా వల్ల కాదు. మెట్లు దింపి, కారులో ఎక్కించి, ఈ ముళ్ళ పొలంలో మోసింది ఎవరు?"

 ఒకడు ఆకాశం చూశాడు, ఒకడు బూటు తాడు కట్టుకున్నాడు. షాకెద్ వచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"మా క్లాసులో పేర్లు చెప్పం. చంపినా చెప్పం."

"ప్రోస్పేర్ గారిక్కూడా ఇదే నేర్పారా?"

"ఆయన తనంతట తనే ఒట్టు పెట్టుకున్నాడు."

ఎలియట్ నా వెనక రెండు గజాల దూరంలో ఉన్నాడు. దగ్గు రాకపోయినా దగ్గాడు.

నేను ఇంకేం అడగలేదు. వెళ్ళి నాన్న కుర్చీలో కూర్చున్నాను. చేతులు చాచాను. నీలీ ఒక్క క్షణం ఆలోచించింది, పెద్దదాన్నయ్యానన్న మాట గుర్తొచ్చినట్టుంది. తర్వాత ఎక్కి, పాత చోట్లోనే, నా భుజం గుంతలో తల పెట్టింది. జుట్టంతా దుమ్ము వాసన.

"చట్టం గుర్తుందా?" అన్నాను ఇంగ్లీషులో.

తలూపింది.

"ఎవరు తెచ్చారు?"

గిదీ కళ్ళతో బతిమాలాడు. షాకెద్ ఈల నోట్లో పెట్టుకుంది. ఎవరి తండ్రో అగ్గిపుల్ల గీశాడు. గుట్ట అడుగున చిన్న మంట లేచి, మా ఆయన మొహాన్ని, ఆయన మేజోళ్ళకున్న ముళ్ళని ఒక్కసారి వెలిగించింది.

నీలీ చెయ్యెత్తి వేలు చాపింది. క్లాసంతా వినేలా, స్పష్టంగా, ఇంగ్లీషులో చెప్పింది.

"డాడీ."